ఖాజా సాబ్ పసుపు జెండా

మొన్న పొద్దున మా మారేడ్‌పల్లి ఇంటి కింది వాటాలోంచి మాడిన ఆముదం వాసన వచ్చింది. అక్కడ అద్దెకుంటున్న సుజాత, పసిబిడ్డ తలకు రాయడానికని గిన్నెలో ఆముదం పొయ్యి మీద పెట్టి, ఫోనులో మాటల్లో పడి మరిచిపోయిందట. నేను మెట్లు దిగి ఆమె వంటింటి గుమ్మం చేరేసరికి ఒళ్లంతా చెమటలు పట్టాయి. "ఏమైంది తాతగారూ, పొయ్యి ఆపేశాను కదా!" అని ఆ పిల్ల కంగారు పడింది. ఎనభై దాటిన మనిషిని కాబట్టి గుండెపోటే అనుకుని ఉంటుంది. నాకు ఆ వాసన తగిలితే చాలు, బోయిన్‌పల్లి మైదానం, ఎర్రటి దుమ్ము, ఖాజా సాబ్ కళ్ల ముందుకొస్తారు. యాభై ఏళ్లు దాటినా ఆ రోజు నాకు పాతబడలేదు.

ఆ రోజుల్లో పందెపు బండ్ల ఇంజన్లలో ఆముదమే పోసేవాళ్లం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పటాలం వాళ్లు వేలంలో అమ్మేసిన మోటార్‌సైకిళ్లను కొనుక్కున్న పన్నెండు మందిమి ఒక క్లబ్బు పెట్టుకున్నాం. నేను ఒక ఆఫీసులో టైపిస్టును. అక్షరాలు రాయడం వచ్చినవాడినని నన్నే కార్యదర్శిని చేశారు. ఆదివారం వస్తే మైదానం చుట్టూ దుమ్ము లేపుతూ తిరగడమే మా పని. ఒకసారి మాలో ఒకడు కిందపడి, వెనక వస్తున్న బండి వాడి మీదుగా పోయి, భుజం ఎముక విరిగింది. అప్పుడే ఆ దారిన పోతున్న ఒక యాభై ఏళ్ల మనిషి సైకిలు దిగి, నేరుగా మా దగ్గరికొచ్చి తిట్టాడు. "రైలుకు గార్డుంటడు. జెండా ఉంటది. మీకెవడున్నడు? గిట్ల ఎన్ని దినాలు బతుకుదామనుకుంటున్నరు?"

ఆయనే ఖాజా సాబ్. రైల్వేలో గార్డు. ఇల్లు మల్కాజ్‌గిరిలో. జనగామ వైపు నుంచి వచ్చిన కుటుంబం కావడంతో ఇంట్లో మాటలన్నీ తెలుగులోనే. మోటార్‌సైకిలు ఎక్కడం ఆయనకు జన్మలో రాలేదు. కానీ మా దగ్గరున్న ఇంగ్లీషు పత్రికలోని పందెపు జెండాల బొమ్మల కింది రాతలు నాచేత చదివించుకుని, వారం తిరిగేలోపు నాలుగు జెండాలు స్వయంగా కుట్టి తెచ్చారు. ఎర్రది ఎత్తితే అందరూ ఆగాలి. నల్లది ఎవరికి చూపిస్తే వాళ్లు బయటికి రావాలి. తెలుపు నలుపు గడులది పందెం ముగిసినట్టు. పసుపుది ఊపితే, ముందు ఎవరో పడిపోయారు, మెల్లగా రండి అని.

జెండాలకంటే ఆయన పెట్టిన పద్ధతి మాకు తలనొప్పిగా ఉండేది. పందెం షురూ కాకముందు అందరం వరసగా నిలబడాలి. ఆయన ఒక్కో జెండా ఎత్తుతారు. అదేమిటో ఒక్కొక్కరం నోటితో చెప్పాలి. చివరివాడు చెప్పేదాకా ఇంజన్ పలకకూడదు. మొదటి రోజు నాకు నవ్వొచ్చింది. "తెలుసులే సాబ్, కానివ్వండి" అన్నాను. ఆయన నా బండి తాళం తీసి జేబులో వేసుకున్నారు. "తెలిస్తే చెప్పు. చెప్పకపోతే నాకెట్ల తెల్వాలె నీకు తెలుసని?" అన్నారు. ఆ రోజు నేను గట్టు మీద కూర్చుని మిగతావాళ్ల పందెం చూశాను. ఇంటికెళ్లి అన్నం కూడా తినలేదు, అంత రోషం. కానీ ఆ పద్ధతి వచ్చాక ఏడాదిన్నరలో మాలో ఒక్కడికీ ఎముక విరగలేదన్నది నిజం.

తర్వాత నలభై ఎనిమిదిలో నిజాం మీద పోలీసు యాక్షన్ వచ్చింది. సెప్టెంబరు నుంచి నాలుగు నెలలు పందేల మాటే లేదు. రజాకార్లు అణిగిపోయారని ఊరు ఊపిరి పీల్చుకుంటుంటే, వాళ్లతో ఏ సంబంధమూ లేని ఖాజా సాబ్ లాంటివాళ్లు తలుపులు వేసుకుని కూర్చున్నారు. ఎవరి ఇంట్లో ఏం దొరికింది, ఎవరిని పట్టుకెళ్లారు అన్న కబుర్లే ఎక్కడ చూసినా. మైదానంలో భారత సైన్యపు కొత్త పటాలం దిగింది. జనవరిలో తిరిగి పందేనికి అనుమతి దొరికిన రోజున నేను మల్కాజ్‌గిరి వెళ్లాను. ఆయన సగానికి సగం చిక్కిపోయి ఉన్నారు.

"సాబ్, ఈసారి పసుపు జెండా వద్దు" అన్నాను. నిజాం జెండా రంగు పసుపు. పటాలం కళ్లెదుట ఒక ముస్లిం పసుపు గుడ్డ ఊపితే ఏమవుతుందో అని నా భయం. "మీ మంచికే చెబుతున్నాను" అని కూడా అన్నాను. అది సగం అబద్ధం. ఇచ్చిన అనుమతి రద్దవుతుందేమో, నాలుగు నెలలుగా సిద్ధం చేసుకున్న నా బండి మూలన పడుతుందేమో అన్నదే నా అసలు బెంగ.

ఆయన అడిగారు, "మరి మనిషి పడితే ఏం ఊపాలె?"

"తెల్ల గుడ్డ ఊపండి. నేను అందరికీ చెబుతాను."

"అందరికి అంటే అందరికి, నర్సింగ్. ఒక్కడు సుత మిగలొద్దు."

అలాగేనన్నాను. ఇంకొక మాట కూడా అన్నాను. పందెం చూడ్డానికి పటాలం అధికారులు కూర్చునే చోట ఆయన కనబడకుండా అవతలి మలుపు దగ్గర ఉండమన్నాను. వరసలో నిలబెట్టి అడిగే పని నేనే చూసుకుంటానన్నాను. దానికీ తల ఊపారు. అంత గట్టి మనిషి అంత తేలిగ్గా ఒప్పుకోవడం చూసైనా నాకు సిగ్గు వేయవలసింది. వేయలేదు.

పందెం రోజు మిగతా పదిమందిని నిలబెట్టి తెల్ల జెండా సంగతి చెప్పాను, చెప్పించాను. పన్నెండోవాడు విఠల్. నా ప్రాణస్నేహితుడు, సైకిళ్ల దుకాణం వాడిది. దారిలో బండి మొరాయించి, మేం బయలుదేరబోతుండగా చెమటలు కక్కుతూ వచ్చాడు. "జెర ఆగుర్రి, నేను సుత అస్తున్న!" అని అరిచాడు. అధికారులు గడియారం చూసుకుంటున్నారు. వాడికి తెలియని జెండా ఏముందిలే అనుకుని చేత్తో రమ్మని సైగ చేశాను. నిజమే, పాత జెండాలన్నీ వాడికి కంఠతా వచ్చు. మా కొంప ముంచింది అదే.

మూడో చుట్టులో అవతలి మలుపు దాటగానే నా ముందు చక్రం జారింది. బండి నా కాలి మీద పడింది. ఆ మలుపును ఒక మట్టిదిబ్బ కమ్మేస్తుంది. దాటితే తప్ప వెనక వచ్చేవాళ్లకు నేను కనబడను. చూడ్డానికొచ్చినవాళ్లలో ఇద్దరు పరుగెత్తుకొచ్చి బండి ఎత్తడానికి అవస్థ పడుతున్నారు. దిబ్బ పక్కన ఖాజా సాబ్ తెల్ల గుడ్డ ఊపుతున్నారు. ఒకడు మెల్లగా వచ్చి పక్కనుంచి పోయాడు. ఇంకొకడు పోయాడు. అప్పుడు విఠల్ బండి చప్పుడు వినబడింది. వాడి బండి చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. అది తగ్గలేదు. ఎవరో హుషారుగా తువ్వాలు ఊపుతూ కేకలేస్తున్నారనుకున్నానని తర్వాత చెప్పాడు.

ఖాజా సాబ్ తెల్ల గుడ్డ కింద పడేశారు. కుడి చెయ్యి నడుము దగ్గరికి పోయింది. ఒక్క క్షణం అక్కడే ఆగింది. తర్వాత ఆయన రెండు చేతులూ చాపి దారి మధ్యకు ఉరికారు.

ఆ తర్వాతి చప్పుడు గురించి రాయలేను. విఠల్ బండి పక్కకు తిరిగి దిబ్బను గుద్దుకుంది. నాదాకా రాలేదు. దానికీ నాకూ నడుమ ఖాజా సాబ్ పడి ఉన్నారు. దుమ్ము దిగేదాకా ఎవరం కదల్లేదు. నేను ఎవరికైతే భయపడ్డానో ఆ పటాలం జవాన్లే ముందుగా పరుగెత్తుకొచ్చారు. తమ లారీలోకి ఆయన్ని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తారు. వాళ్ల అధికారి, పందేలు తెలిసిన మనిషే కాబోలు, నేల మీది తెల్ల గుడ్డను చూసి నా వైపు తిరిగి హిందీలో అడిగాడు. "ఇదేమిటి? మీ దగ్గర పసుపు జెండా లేదా?"

నేను కుంటుతూ వెళ్లి ఆ లారీ ఎక్కాను.

ఆస్పత్రిలో ఖాజా సాబ్ కుడికాలు మోకాలి కింద తీసేశారు. గార్డు ఉద్యోగం ఆ రోజుతోనే పోయింది. కత్తిరించి తీసిన బట్టలను నర్సు మూటగట్టి నా చేతికిచ్చింది. విప్పితే, చొక్కా లోపల నడుముకు చుట్టుకున్న పసుపు జెండా ఉంది. మూడో నాడు ఆయన కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, "ఎవనికి చెప్పలే?"

"విఠల్‌కు, సాబ్."

కళ్లు మూసుకున్నారు. నేను ఏడుస్తూ అడిగాను, "జెండా మీ దగ్గరే ఉంది కదా సాబ్. ఎందుకు తీయలేదు?"

"తీద్దామనే చెయ్యి వెట్టిన. నువ్వు వద్దన్నది యాదికచ్చింది. చెయ్యి ఆగింది." కాస్త ఊపిరి తీసుకుని, "గందుకే ఉరికిన" అన్నారు.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. తర్వాత ఆయన పదిహేనేళ్లు బతికారు. చంకకర్రతోనే ప్రతి పందేనికీ వచ్చి, మమ్మల్ని వరసలో నిలబెట్టి అడిగారు. నేను మళ్లీ బండి ఎక్కలేదు. ఆయన పక్కన నిలబడి చివరివాడు చెప్పాడా లేదా అని చూసుకునేవాణ్ని. ఆఫీసులోనూ అదే చాదస్తం పట్టుకుంది. చెప్పిన పని తిరిగి చెప్పించుకోనిదే వదిలేవాణ్ని కాదని నా కింద పనిచేసినవాళ్లు వెనకాల నవ్వుకునేవారు.

ఆ జెండా నా దగ్గరే ఉంది. ఏటా ఒకసారి ఉతికి పట్టపగలు డాబా మీద ఆరేస్తాను. నిన్న ఆరేస్తుంటే సుజాత బిడ్డనెత్తుకుని పైకి వచ్చింది. "ఇది ఏ పార్టీ జెండా తాతగారూ?" అని అడిగింది. ఏ పార్టీదీ కాదన్నాను. ముందు ఎవరో పడిపోయారు, మెల్లగా రండి అని చెప్పే జెండా అన్నాను. సరేనని తల ఊపి వెళ్లబోయింది.

"ఆగమ్మా" అన్నాను. "ఇదేం జెండానో ఇప్పుడు నువ్వు చెప్పు."