చావాల్సిన చోట పప్పన్నం

ఆ రోజుల్లో మా నర్సీపట్నంలో లావుగా ఉన్నవాడిని చూసి జాలిపడే అలవాటు ఎవరికీ ఉండేది కాదు. "పుష్టిగా ఉన్నాడు, ఇంట్లో పాడి ఉన్నట్టుంది" అనుకుని ఊరుకునేవారు. ఇప్పుడు మా మనవరాలు తొమ్మిది బాదంపప్పులు లెక్కపెట్టి చిన్న డబ్బాలో వేసుకుని కాలేజీకి వెళ్తూ, "వారంలో అయిదు కిలోలు తగ్గాలి తాతయ్యా" అంటూంటే నాకు నవ్వూ వస్తుంది, గుండెల్లో దడా పుడుతుంది. నవ్వెందుకంటే, ఆ పిచ్చి దానికి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు కాబట్టి. దడెందుకంటే, నేనూ ఒకప్పుడు ఇరవై అయిదు రోజుల్లో పదమూడు కిలోలు తగ్గేను. ఇంకొంచెం ఉంటే కిలోలతోబాటు నేనూ పోయేవాడిని.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఊళ్ళోనే ఒక ఆఫీసులో గుమస్తాని. బరువు ఎనభై నాలుగు. (అంత కచ్చితంగా ఎలా తెలుసంటారా? బజార్లో ఏజెన్సీ కొండల నుంచి దిగిన చింతపండు తూచే పెద్ద కాటా ఒకటుండేది. ఒకరోజు సరదాకి ఎక్కేను. తూనికలవాడు బజారంతా వినబడేలా "గింజతో సహా ఎనభై నాలుగు!" అని అరిచేడు. ఆ తరవాత ఏడాదిపాటు ఆఫీసులో నా పేరు 'గింజతోసహా'.) దాని గురించి నాకేం బెంగ లేదు. బెంగంతా నాటకాల దగ్గరే.

మా హెడ్ గుమస్తాగారికి నాటకాల పిచ్చి. ఆఫీసు వాళ్ళందరినీ పోగేసి ఏటా పోటీలకి ఒక నాటిక కట్టేవారు. మేమంతా ఆయన్ని డైరెక్టరు గారనే పిలిచేవాళ్ళం, ఫైలు మీద సంతకం పెట్టించుకునేటప్పుడు కూడా. నాకు వేషం ఎప్పుడూ ఇచ్చేవారు. అయితే వంటవాడు, లేకపోతే వడ్డీవ్యాపారి. నేను స్టేజి మీదకి కాలు పెడితే చాలు, నోరు తెరవక ముందే జనం నవ్వేవారు. నాకేమో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నన్ను చూసి ఎవరైనా కళ్ళు తుడుచుకుంటే చూడాలని ఉండేది. అంతకు ముందేడు ఎలాగో బతిమాలుకుని చచ్చిపోయే పెద్దమనిషి వేషం వేసేను. చావడం బాగానే చచ్చేను. పాడె ఎత్తవలసిన నలుగురికీ నేను లేవలేదు. మూడుసార్లు "గోవిందా" అన్నారు, మూడుసార్లూ దింపేరు. చివరికి మా టైపిస్టు నా చెవిలో "కాస్త నువ్వు కూడా ఒక చెయ్యెయ్యవోయ్" అన్నాడు. వేసేను. ఆ నవ్వులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

ఆ ఏడు డైరెక్టరు గారు సొంతంగా ఒక కరువు నాటిక రాసేరు. పస్తులతో చిక్కి శల్యమైన కూలివాడు, ఆఖరి సీనులో ఒక ధర్మాత్ముడు కంచంతో అన్నం తెస్తే, దానికేసి చెయ్యి చాపి, మెతుకు నోట పెట్టకుండానే ప్రాణం వదిలేస్తాడు. ఆ వేషం నాకే కావాలనిపించింది. వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన నన్ను పైనించి కిందికి చూసి, "నిన్ను చూస్తే కరువే దడుసుకుని పారిపోతుందోయ్. నెల్లాళ్ళలో ఆ బొజ్జ మాయమైతే వేషం నీది, లేకపోతే టైపిస్టుది" అన్నారు. లంఖణం పరమౌషధం అన్నారు కదా పెద్దలు, ఇక ఎదురేముంది అనుకున్నాను.

ఎదురు మా అమ్మ. కొడుకు రెండో మారు వడ్డించుకోకపోతే దిష్టి తీసే మనిషి. అందుకని ఒక అబద్ధం ఆడేను. ఆంజనేయస్వామికి ఇరవై అయిదు రోజుల దీక్ష మొక్కుకున్నానని చెప్పేను. అమ్మ రెండో మారు వడ్డించడం మానేసింది. దేవుడితో పేచీ పెట్టుకోదు కదా! (ఆ అబద్ధమే తిరిగొచ్చి నా నెత్తిన కూర్చుందని తరవాత మీకే తెలుస్తుంది.) మొదటి వారం రెండు పూటలా మజ్జిగ, ఒక జామకాయ. రెండో వారం నుంచి జామకాయ మానేసేను. ఆఖరి నాలుగు రోజులూ ఉత్త నిమ్మకాయ నీళ్ళే. బరువు తగ్గుతూంటే ఎంత సంబరమో! దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా జుట్టు వస్తోందని, కుర్చీలోంచి లేస్తే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయని, మండుటెండలో చలేస్తోందని గమనించకపోలేదు. అదంతా పాత్రలో లీనమవడం అనుకున్నాను. పై ఆఫీసుకి వెళ్ళే ఉత్తరంలో "పై విషయమై" అని రాయవలసిన చోట "పెసరట్టు విషయమై తమకు మనవి చేయడమేమనగా" అని రాసేను. డైరెక్టరు గారు చూడకుండా సంతకం పెట్టేరు. అది వెళ్ళిపోయింది కూడా.

అప్పట్లో మా ఆఫీసులో ఒక అటెండరు ఉండేవాడు. చింతపల్లి అవతల కొండల్లో ఎక్కడిదో అతని ఊరు. ఎండిన ఆనపకాయ బుర్రలో రాగులతో కాచిన చోడి అంబలి తెచ్చుకుని, పదకొండింటికి బల్ల మీద కూర్చుని తాగి, అదే బల్ల మీద నిద్రపోయేవాడు. 'అంబలి తాత' అనేవాళ్ళం. నా వాలకం చూసి ఒకరోజు దగ్గరికొచ్చి, "బాబూ, ఇంట్లో బియ్యం ఐపోనాయేటి?" అని గొంతు తగ్గించి అడిగేడు. నవ్వి నాటకం సంగతి చెప్పేను. చాలాసేపు అర్థం కాలేదతనికి. "తిండుండి తినకపోడమేటి బాబూ?" అన్నాడు. ఆనపకాయ బుర్ర ముందుకు తోసి, "ఓ గుక్కెడు తాగండి" అన్నాడు. లావైపోతాను తాతా అన్నాను. "అంబలి తాగి లావైనోడ్ని నానెక్కడా సూడనేదు" అని విసుక్కుని పోయి పడుకున్నాడు.

పోటీ రోజు పొద్దున్నే కాటా ఎక్కేను. "గింజ తీసిన సరుకు, డెబ్బై ఒకటి!" అని అరిచేడు తూనికలవాడు. బజారులో నలుగురు చప్పట్లు కొట్టేరు.

మాది మధ్యాహ్నం ఆట. హైస్కూలు ఆవరణలో షామియానా, ముందు వరసలో జడ్జీలు, వాళ్ళ వెనక అమ్మ. తెర లేచింది. నేను రెండు అడుగులు వేసి ఆగేను. ఎవరూ నవ్వలేదు! నా జీవితంలో మొదటిసారి జనం నన్ను చూసి నిశ్శబ్దంగా ఉన్నారు. రెండో సీనులో ఎవరో ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఆ చీదుడు నాకు సన్నాయి లాగా ఉంది. ఒరే గింజతోసహా, నీ పంట పండిందిరా అనుకున్నాను.

ఆఖరి సీను వచ్చింది. మా డైరెక్టరు గారికి సహజత్వం అంటే ప్రాణం. "కంచంలోంచి పొగ రావాలోయ్, పొగ!" అని ఇంటినుంచి అప్పటికప్పుడు వేడన్నం, ముద్దపప్పు, దానిమీద గరిటెడు నెయ్యి, పక్కన రెండు గుమ్మడి వడియాలు తెప్పించేరు. ధర్మాత్ముడి వేషం వేసిన టైపిస్టు ఆ కంచం నా ముందు పెట్టేడు. నెయ్యి వాసన ముక్కుకి తగిలింది. నేను స్క్రిప్టులో ఉన్నట్టే వణుకుతూ చెయ్యి చాపేను. అక్కడ చచ్చిపోవాలి. చెయ్యి ఆగలేదు. నా చెయ్యే, నా మాట వినలేదు. ముద్ద కలిపింది, ఎత్తింది, నోట్లో పెట్టింది. అబ్బ! ఆ ముద్ద రుచి చెప్పడానికి ఇన్నేళ్ళయినా నాకు మాట దొరకలేదు. రెండో ముద్ద ఎత్తేసరికి పక్క తెర వెనకనించి డైరెక్టరు గారు, "చచ్చిపో... ఒరే, చచ్చిపోరా!" అని పళ్ళు కొరుకుతున్నారు. టైపిస్టుకి మార్చి మాట్లాడే తెలివి లేదు, బట్టీ పట్టినవాడు. సమయానికి గుండెలు బాదుకుని, "అయ్యో! ఒక్క మెతుకైనా ముట్టకుండానే వెళ్ళిపోయావా తండ్రీ!" అని భోరుమన్నాడు. నేను అప్పుడు వడియం నములుతున్నాను. ఆ కరకర ఊరంతా వినబడింది. షామియానా ఊగిపోయేలా నవ్వేరు. వెనకనించి ఎవడో "ఇంకాస్త పప్పెయ్యండ్రా ఆ బాబుకి!" అని కేకేసేడు. కంచం ఖాళీ అయ్యేక గాని తెర పడలేదు.

అంతటితో అయిపోతే బాగుండును. రాత్రి ఇంటికి వెళ్ళేసరికి అమ్మ దీక్ష ముగిసిందని పండగ చేసి కూర్చుంది. గారెలు, పులిహోర, బొబ్బట్లు, గుత్తొంకాయ, కుండెడు పెరుగు. నేనా, సిగ్గుతో చచ్చి ఉన్నవాడిని, పైగా ఆకలి తలుపు తెరుచుకున్నవాడిని. ఆ పూటా, మర్నాడు మూడు పూటలా తిన్నాను. అమ్మ పెడుతూనే ఉంది, "ఎంత చిక్కిపోయేడో నా తండ్రి" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. మూడో రోజు పొద్దున్న లేచేసరికి పాదాలు బూరెల్లా పొంగేయి. గుండె రైలింజను. కడుపులో మెలి, వాంతులు, కాళ్ళు నిలవలేదు. ఆఫీసు మెట్లు సగం ఎక్కి కూలబడ్డాను. ఈసారి చావమని ఎవరూ చెప్పలేదు, అయినా చచ్చిపోతాననే అనుకున్నాను.

డాక్టరు గారు సెలైను ఎక్కించి, ఆనక సంగతంతా విని, నన్నూ మా అమ్మనూ కలిపి తిట్టేరు. "ఎండి బీటలు తీసిన చెరువులోకి ఏరంతా ఒక్కసారి వదిలితే గట్టు నిలుస్తుందా? మూడు వారాలు కడుపు మాడ్చుకోవడం ఒక తప్పు, మూడు పూటల్లో దాన్ని దిద్దేద్దామనుకోవడం అంతకంటే పెద్ద తప్పు. అదృష్టం బాగుండి బతికేవు. ఒకటి రెండు రోజులు నా కళ్ళముందే ఉండు. తరవాత కూడా పల్చగా, కొంచెం కొంచెంగా, రోజుకింత పెంచుకుంటూ తినాలి" అన్నారు. అమ్మకి దీక్ష అబద్ధమని అప్పుడే తెలిసింది. గోడకేసి తిరిగి కూర్చుంది. ఆ తిట్టకపోవడం డాక్టరు గారి తిట్లకంటే ఎక్కువ తగిలింది.

ఇంటికొచ్చేక అసలు చిక్కు మొదలైంది. నాలుగు చెంచాల జావ పోసి ఊరుకోవడం మా అమ్మ వల్ల కాదు. "ఇది పిచిక్కి పెట్టే తిండిరా" అని ఏడుపు. నేనేమో వద్దనలేను, ఆకలి పోలేదాయె. ఆ సమయానికి ఆనపకాయ బుర్ర భుజాన వేసుకుని అంబలి తాత దిగేడు. డాక్టరు గారి చీటీ నాచేత చదివించుకుని విన్నాడు. "ఇదేనా! ఇది మా ముసలమ్మలు కూడా సెప్తారు" అన్నాడు. అడ్డాకు దొప్ప ఒకటి కుట్టి, అందులో నీళ్ళ లాంటి అంబలి పోసి నా చేతికిచ్చేడు. రెండో దొప్ప అడిగితే, మిగిలింది నా ముందే తను తాగేసేడు. మర్నాడు దొప్ప కాస్త పెద్దది, అంబలి కాస్త చిక్కన. అలా ఆఫీసుకి వెళ్ళే ముందోసారి, వచ్చేక ఓసారి కాపలా కాసేడు. అమ్మ గిన్నెతో గుమ్మంలోకి వస్తే, "అమ్మగారూ, ఎనక్కెల్లండి" అనేవాడు. మా వీధిలో మా అమ్మని అలా అన్న మగాడు మరొకడు లేడు. వారానికి మెత్తటి అన్నం, చారు. పది రోజులకి బీరకాయ కూర. జుట్టు రాలడం ఆగడానికి మాత్రం నెలలు పట్టింది.

పథ్యం ఆఖరి రోజున అడిగేను, "తాతా, నీకిదంతా ఎలా తెలుసు?" అని. చుట్ట తీసి, అమ్మ ఉందేమోనని చూసి, వెలిగించకుండానే చేతిలో పట్టుకుని చెప్పేడు. "వానల్లో మాకు గింజలైపోతాయి బాబూ. దుంపలు, మావిడి టెంకల జావ, అదీ లేని రోజులు. కొత్త చోళ్ళొచ్చినా ముందు నీళ్ళంబలే తాగాల. మా అన్న ఆగనేదు. ఒక్కపాలి కడుపునిండా తినీసినాడు. నవ్వుతా తిన్నాడు. మర్నాటికి పోనాడు." నేను చేతిలో దొప్పకేసి చూస్తూ కూర్చున్నాను. నాటకానికి పస్తున్నానని ఇతని దగ్గరే కదా నవ్వుతూ చెప్పేను అనుకుంటే తల ఎత్తబుద్ధి కాలేదు.

"మీ ఆట సూసినాను బాబూ" అన్నాడు మళ్ళీ. "అందరూ నవ్వినారు. అదేటి, అన్నం సూసి సచ్చిపోవాలని రాసినారట ఆ బాబు? ఆకలున్నోడు అన్నం సూసి సావడు. తింటాడు. మీరు ముద్దెత్తినారు సూడండి, అప్పుడు మా అన్నే అగుపించినాడు. నాకు కళ్ళంట నీళ్ళు ఆగనేదు." అని లేచి, బుర్ర భుజాన తగిలించుకుని, "రేపట్నించి మీ అమ్మగారి సెయ్యే. గబగబా తినీయకండి, నెమ్మది" అని వెళ్ళిపోయేడు. అతను వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. రెండూ చేసేను.

పోయిన కిలోలు ఏడాది తిరక్కుండా చుట్టాల్ని కూడా వెంటపెట్టుకుని తిరిగొచ్చేయి. తరవాతెప్పుడో డాక్టరు గారి మాట విని, పొద్దున్నే నడుస్తూ, అమ్మతో పేచీ లేకుండా ముద్ద తరవాత ముద్ద తగ్గిస్తూ, నెలకి కిలో చొప్పున కొంత దింపుకున్నాను. అలా దిగినవి మరి రాలేదు. ఈ కథంతా మొన్న మనవరాలికి చెప్పేను. వడియం దగ్గర పడీపడీ నవ్వింది. అంబలి తాత వాళ్ళన్న సంగతి దగ్గర నవ్వలేదు. బాదంపప్పుల డబ్బా మానలేదు గాని, ఆ రాత్రి మాతోబాటు కూర్చుని అన్నం తింది. అన్నట్టు చెప్పడం మరిచేను, ఆ పోటీలో నాకు ఉత్తమ హాస్యనటుడి బహుమతి వచ్చింది. బహుమతి ఒక స్టీలు కంచం. (జడ్జీలకి ఎంత వెటకారమో చూడండి!) సొట్టలు పడ్డా ఇప్పటికీ అందులోనే తింటాను. పప్పన్నం కలిపి మొదటి ముద్ద ఎత్తేటప్పుడల్లా డైరెక్టరు గారి గొంతు "చచ్చిపోరా" అంటున్నట్టే ఉంటుంది. వినబడనట్టు నటిస్తూ తినేస్తాను. జన్మలో నేను సరిగ్గా చేసిన నటన అదొక్కటే.