చిన్నదాని పుల్ల

ఎనభైల్లో ఒక ఎండాకాలం. తొర్రూరు బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒడిలో తువ్వాల పరుచుకుని, పిల్లల కొత్త చెప్పులు ఒక్కొక్క జతే తీసి చీపురు పుల్లలతో కొలుచుకుంటున్నాడు. దంతాలపల్లిలో మనవలందరి పాదాలకూ తలా ఒక పుల్ల కొలిచి విరిచి, జేబులో పెట్టుకుని బజారుకు వచ్చాడట. చెప్పులు ఐదు జతలున్నాయి, పుల్లలు నాలుగే. చిన్న మనవరాలి పుల్ల బస్సెక్కే తోపులాటలో ఎక్కడో పడిపోయిందన్నాడు.

"మరి దానికెట్ల కొన్నవు తాతా?"

"దాని కాళ్లు రోజు కడిగేది నేనే గదా బిడ్డా!" అంటూ అరచేయి చాపి, వేళ్ల మొదట్లో ఉన్న గీత చూపించాడు. "మడిమె మణికట్టు కాడ పెడితే బొటనేలు గీడిదాంక వస్తది. నీకు పిల్లలున్నరా?"

"ఒక్కతే బిడ్డ. మూడేండ్లు."

"దాని కాలెంతుంటది?"

నేనూ అరచేయి చాపాను. ఎక్కడ చూపించాలో తెలియలేదు.

ఆయన నవ్వలేదు. "ఇంటికి పోయినంక చూస్తవు తియ్యి," అని చెప్పులు మూటగట్టుకుని బస్సెక్కాడు. పేరైనా అడగలేదు నేను.

ఇప్పుడు నా మనవడి పాదం నా మధ్యవేలి రెండో గీత దాకా వస్తుంది.