జున్ను తిన్న తెల్లారి

డెబ్బైల చివర వరంగల్‌లో మాది మగ్గాల ఇల్లు. ఉన్న ఒక్క ఆవు ఈనిందంటే ఆ రోజు పండగే. ఆసారి అత్తమ్మ జున్ను వండి వాడకట్టంతా పంచి, బాలింతనని నాకు మాత్రం రెండు గిన్నెలు పెట్టింది. "తిను బిడ్డా, పాలు తాగితెనే పాలు పడ్తయి" అనేది ఎప్పుడూ. ఎంత కమ్మగా ఉందో! తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది.

తెల్లారేసరికి నా రెండు నెలల బిడ్డ బుగ్గల నిండా ఎర్రటి దద్దుర్లు. అంతకుముందు నుంచే తాగిన పాలు కక్కేది, దొడ్డికి పోతే జిగటలో సన్నగా నెత్తురు చార కనిపించేది. నా పాలు తప్ప దాని నోట్లో ఇంకేమీ పడలేదే! అత్తమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. పిల్ల మాత్రం చిక్కిపోతూనే ఉంది. నాకు దక్కదేమోనని భయపడి, అత్తమ్మను తోడు తీసుకుని సుబేదారి వాడలోని దవాఖానకు పోయాను.

అక్కడి లేడీ డాక్టరు పిల్లను చూసి, "నువ్వేం తింటున్నవమ్మా?" అని నన్ను అడిగింది. "జున్ను" అన్నాను గొప్పగా. ఆమె నవ్వలేదు. ఈ పిల్లకు ఆవు పాలు పడవని, నేను తిన్నది నా పాలగుండా దానికి చేరుతోందని చెప్పింది. పిల్లకు రొమ్ము మాన్పించొద్దు, నేనే పాలు, పెరుగు, పాల చాయ్ మానాలి. బర్రె పాలు కూడా వద్దంది.

అత్తమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "ఆవంటె తల్లి. తల్లి పాలు పడకపోవుడేంది?" అని ఇంటికొచ్చే దారి పొడుగునా ఒకటే సణుగుడు. నాకూ ఒళ్లు మండింది. "పిల్ల బతకనీ, నీ ఆవుకు రోజూ దండం పెడ్త" అన్నాను.

పాడి ఉన్న ఇంట్లో చారు మెతుకులు తిన్నాను. కొన్నాళ్లకు నెత్తురు ఆగింది. దద్దుర్లు మానాయి. అత్తమ్మ పిల్ల పొత్తిగుడ్డను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, ఉతికి ఆరేసింది.

మర్నాడు పొద్దున ఆమె గ్లాసులో చాయ్ నల్లగా ఉంది. పాల చాయ్ పడనిదే మగ్గానికి నూలు కండె చుట్టని మనిషి!

"ఇదేంది అత్తమ్మా?"

"నువ్వు నోరు కట్టుకుంటాంటె, నీ ముంగట నేనెట్ల తాగుత బిడ్డా?"

నాకు ఏడుపు ఆగలేదు.

పిల్లకు మూడో ఏడు వచ్చాక డాక్టరమ్మ తన దవాఖానలోనే కొద్దికొద్దిగా పాలు తాగించి చూసింది. ఏమీ కాలేదు. ఇంటికి రాగానే, అన్నాళ్లూ నల్ల చాయే తాగిన అత్తమ్మకు సంబరంగా చిక్కటి పాల చాయ్ పెట్టాను. సాసర్‌లో పోసుకుని ఒక్క గుక్క తాగి మొహం చిట్లించింది.

"జర నల్ల చాయే పెట్టు బిడ్డా. గిది నాకు పడ్తలేదు."

ఆమె వదిలేసిన సాసర్‌ను మనవరాలు రెండు చేతులా ఎత్తి జుర్రుకుంది.