ఏడు వంకర చొక్కాలు

"కుట్టు కనపడతందా?" అన్నాడు మా ఆయన.

"లేదయ్యా, కనపడట్లేదు. నువ్వు పడుకో" అన్నా.

మా ఇద్దరికీ అదే చివరి మాట. మిట్టమధ్యాహ్నం. జగ్గయ్యపేటలో మా ఇంటి వసారాలో మంచం మీద ఆయన, పక్కన పీట మీద నేను. ఎవరిదో ప్యాంటు కాలి అంచు కుడుతున్నా. ఆయన కళ్ళకి అప్పటికే పొర కమ్మేసింది, చూడలేడు, అందుకని అడిగాడు. నేను లోపలికెళ్ళి పొయ్యి ఆపి వచ్చేసరికి మనిషి లేడు. ఆరేళ్ళయింది. ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది, ఇప్పుడు చెబుతున్నా. ఆ రోజు నేను చూడకుండానే చెప్పా. పప్పు మాడు వాసన వస్తుంటే ధ్యాస అటు పోయింది. తర్వాత ఎప్పుడో ఆ ప్యాంటు తీసి చూస్తే, కుట్టు రెండు చోట్ల బయటికి తేలి ఉంది.

ఇదంతా నేను చెబుతుంటే నా కూతురి కూతురు రాస్తోంది. నాకు సంతకం పెట్టడం వచ్చు, టేపు మీద అంకెలు వచ్చు. అంతవరకే నా చదువు. నా గొంతు కూడా బొంగురు, ఏం చెప్పినా తిట్టినట్టు ఉంటుందంటారు. రాసేటప్పుడు గొంతు కనపడదు కాబట్టి కొంచెం నయం.

మా ఆయన దర్జీ. ఆయన కత్తిరించి మిషను మీద కుట్టేవాడు. కాజాలు, గుండీలు, అంచులు నావి. పెళ్ళై వచ్చిన కొత్తలో నా చేతికి సూది ఇచ్చి ఆయన చెప్పింది ఒకటే, చేతికుట్టు ఉండాలి గానీ ఉన్నట్టు తెలియకూడదు. పైన గుడ్డలో ఒక్క పోగు మాత్రమే పట్టుకోవాలి సూది. రెండు పోగులు పట్టిందంటే విప్పించేవాడు. ఏడ్చుకుంటూ విప్పిన రోజులున్నాయి. ఏడాది తిరిగేసరికి నా కుట్టు నాకే కనపడేది కాదు.

అప్పుడు గంట ప్యాంట్లు వచ్చినయ్. కింద కాలు దగ్గర గుడ్డ ఇంతేసి వెడల్పు, నడుస్తుంటే బజారు ఊడ్చుకుంటూ పోయేవాళ్ళు. ఒక్కొక్కడూ మా కొట్టుకి వచ్చి, అటూ ఇటూ చూసి, మెల్లిగా చెప్పేవాడు. "మాస్టారూ, ఊళ్ళో ఎవరికీ లేనట్టు కుట్టాలి." మా ఆయన "అలాగేనయ్యా" అని కొలతలు తీసుకునేవాడు. వాడు మెట్లు దిగాక తలుపు వెనకున్న నాతో "ఏమే, ఇంకొకడొచ్చాడు, ఎవరికీ లేనోడు" అనేవాడు. ఆ ఏడు పెద్దపండక్కి ఎవరికీ లేని ప్యాంట్లు నలభై కుట్టాం. అన్నీ ఒకటే ప్యాంటు. మాకు అదో నవ్వులాట అయిపోయింది. అందుకని చెబుతున్నా, ఈ కాలం పిల్లలు చెడిపోయారని నేను అనడంలేదు. ఆ కాలంలోనే చూశా.

ఆయన పోయాక కొట్టు తీసేశాం. మిషను తెచ్చి ఇంటి వసారాలో వేసుకున్నా. చీరలకి ఫాల్సు, జాకెట్లు వదులు చెయ్యడం, ఇదీ పని. కూతురూ అల్లుడూ నందిగామలో ఉంటారు. మనవరాలు అక్కడే డిగ్రీ చదువుతోంది. సెలవులకి నా దగ్గరికి వచ్చేది. చిన్నప్పుడు గుడ్డపీలికల్లో పడుకునేది, లేపితే జుట్టు నిండా దారాలే.

కాలేజీలో చేరిన రెండో ఏడు దీని వేషం మారింది. నుదుటికి ఇంత పెద్ద బొట్టు, చెవులకి నల్లబడిన వెండి లోలాకులు, ఒంటికి గోనెసంచిలాంటి చొక్కా, భుజాన గుడ్డసంచి. "ఏంటే ఇది?" అంటే "మా బ్యాచ్ అందరిలా కాదు అమ్మమ్మా" అంది. అందరిలా కాని వాళ్ళు ఎలా ఉంటారో చూద్దామనుకున్నా.

చూశా. ఒక రోజు బండ్ల మీద ఇద్దరు మగపిల్లలు, వెనక మా పిల్ల, నందిగామ నుంచి వచ్చి గుమ్మం ముందు ఆగారు. ఇద్దరికీ గెడ్డాలు, ఇద్దరికీ గుండ్రటి కళ్ళజోళ్ళు, ఇద్దరికీ చీలమండ పైదాకా ప్యాంట్లు. ప్యాంటు పొట్టయిందేమో, కింద మడత విప్పి దించుదామా అని అడగబోయి ఊరుకున్నా. నోట్లో దారం ఉంది. ఇంతలో మా పిల్ల వాళ్ళకి నన్ను చూపిస్తూ అంది.

"చెప్పాగా, ఈవిడే. చేతికుట్టు, పాతకాలం పద్ధతి. నాకు తెలిసినావిడ."

తర్వాత నా వంక తిరిగి, "ఏవండీ, వీళ్ళ కొలతలు తీసుకుంటారా?" అంది.

ఏవండీ అంది నన్ను. నేను ఎత్తుకుని పెంచిన పిల్ల. రాయవే, ఆగావేం? రాయి.

టేపు తీసి కొలతలు తీసుకున్నా. అందులో ఒక పిల్లాడు, నా వీపు వంగి ఉందని తనే కిందికి వంగి, "అమ్మమ్మా, భుజాల దగ్గర బాగా వదులుగా పెట్టండి" అన్నాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్లాడు అమ్మమ్మా అన్నాడు, నా సొంత మనవరాలు ఏవండీ అంది. మా పిల్ల ఫోనుతో నా చేతులు ఫోటో తీసింది. "మొహం కూడా తియ్యి" అన్నాడు ఆ పిల్లాడే. "వద్దులే, చేతులు చాలు" అంది.

వాళ్ళకి కావల్సింది ఏంటంటే, చలవ చెయ్యని ముతక ఖద్దరు, కాలరు ఉండకూడదు, ఎడమ పక్క జేబు, జేబుకీ మెడకీ ఎర్ర దారంతో పెద్ద పెద్ద చేతికుట్లు. "కుట్లు బాగా కనపడాలి. తిన్నగా ఉండకూడదు. మిషను కుట్టినట్టు కాకుండా మనిషి కుట్టినట్టు ఉండాలి" అన్నాడు నన్ను అమ్మమ్మా అన్న పిల్లాడు.

"ఇన్నేళ్ళూ నేను కుట్టిందేంటి బాబూ, మరి?" అన్నా.

నవ్వాడు. "అదే, ఆ ఫీల్ రావాలి అమ్మమ్మా. నాకు మాత్రం ఎవరికీ లేనట్టు ఉండాలి."

అలవాటు కొద్దీ పక్కన మంచం వైపు చూశా, ఆయనతో అందామని. మంచం మీద మడతబెట్టిన జాకెట్లున్నాయి.

రెండ్రోజులకి ఇంకో ఇద్దరొచ్చారు. అదే ఖద్దరు, అదే ఎర్ర దారం, అదే జేబు, ఎవరికీ లేనట్టు. ఆదివారం ముగ్గురు ఆడపిల్లలు. వాళ్ళదీ అదే పాట. ఒక పిల్ల కళ్ళజోడు తీసి పెట్టుకుంటుంటే "చూపు తక్కువా అమ్మా?" అన్నా. "లేదండీ, ఇది ఊరికే" అంది. అందులో ఉత్త అద్దాలే.

ఏడుగురు. ఇక నాకు అర్థమైపోయింది అనుకున్నా. ఒకే గుడ్డ, ఒకే రంగు దారం, ఒకే వైపు జేబు. ఇది యూనిఫారం. కాలేజీలో ఏదో ఫంక్షనుంది, పైకి చెప్పడం లేదు. స్కూలు యూనిఫారాలు మేం ఎన్ని కుట్టలేదు! దానికో పద్ధతుంది. గుడ్డ మడతల మీద మడత పేర్చి ఒకేసారి కత్తిరించాలి, ఒకదానికొకటి తేడా రాకూడదు. అలాగే కత్తిరించా. కుట్ల దగ్గరికొచ్చేసరికి చెయ్యి మొరాయించింది. వంకరగా కుడదామని మొదలుపెడితే నాలుగో కుట్టుకి సూది తనంతట తనే తిన్నగా పోతోంది. రెండుసార్లు విప్పా. చివరికి ఒక చొక్కా మీద సుద్దతో వంకర గీశా, బాగుందనుకున్నా. ఆ వంకరని అట్టముక్క మీదికి ఎక్కించి, అట్ట కత్తిరించి, అదే అట్ట ఏడు చొక్కాల మీదా పెట్టి గీసుకున్నా. ఏ కుట్టు ఎంత పొడుగో, ఎక్కడ వంగాలో, టేపు పెట్టి చూసుకుని మరీ కుట్టా. యూనిఫారాలకి వేసినట్టే మెడ లోపల ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు కూడా కుట్టా, మారిపోకుండా. ఇరవై రోజులు పట్టింది. మా ఆయన చూస్తే సరిగ్గా వచ్చిందే అనేవాడు.

నేనే నందిగామ తీసుకెళ్ళా, బస్సులో, సంచి ఒళ్ళో పెట్టుకుని. హైవే పక్కన వాళ్ళు కూర్చునే టీ కొట్టు దగ్గరికి రమ్మన్నారు. గోడలకి సిమెంటు పూయకుండా ఇటుకలు అలాగే ఒదిలేశారు. బియ్యం చెరిగే చేట గోడకి తగిలించి ఉంది, దానికింద దీపం. టీ మట్టి ముంతల్లో. ఏడుగురూ, మా పిల్లా, అక్కడే ఉన్నారు.

సంచి విప్పగానే తలా ఒకటి లాక్కుని పైనుంచి తొడుక్కున్నారు. తొడుక్కుని ఒకళ్ళ వంక ఒకళ్ళు చూసుకున్నారు. ముందు ఆ అమ్మమ్మా అన్న పిల్లాడు తన జేబు చూసుకున్నాడు, పక్కవాడి జేబు చూశాడు.

"ఇవన్నీ ఒకేలా ఉన్నాయేంటి?"

"యూనిఫారం గదా బాబూ" అన్నా. "చూడు, ఆ మూడో కుట్టు దగ్గర వంపు. ఏడింట్లోనూ ఒకటే. వెంట్రుక తేడా లేదు." నిజం చెప్పొద్దూ, ఆ మాట నేను గర్వంగానే చెప్పా.

టీ ఇచ్చే మనిషి చెయ్యి ఆపి చూశాడు. "ఏ స్కూలు తమ్ముడూ మీది?" అన్నాడు. చుట్టుపక్కల బల్లల మీద వాళ్ళు పకపకా నవ్వారు. ఎవరో ఫోటో కూడా తీశారు. మన ఏడుగురి మొహాలూ ఎర్ర దారం రంగులో ఉన్నాయి. అందులో ఒకడు మా పిల్ల వైపు తిరిగి, "ఎక్కడ పట్టావే ఈ ముసలావిడని?" అన్నాడు.

నేను మా పిల్ల మొహం చూశా. చొక్కా సంగతి పోతేపోనీ. ఆ అడిగినదానికి ఇది ఏం చెబుతుందా అని చూశా. ఇది ముంతలోకి చూస్తూ కూర్చుంది.

"ఇటివ్వండి బాబూ, విప్పి మళ్ళీ కుడతా" అని చొక్కాలు సంచిలో వేసుకుని బయటికొచ్చా. బస్సు ఎక్కేదాకా వెనక్కి తిరిగి చూశా. వస్తుందేమో అని.

ఎనిమిది రోజులు ఫోను లేదు. తొమ్మిదో రోజు తనే వచ్చింది. నేను వసారాలో బ్లేడుతో కుట్లు విప్పుతున్నా. ఎదురుగా కూర్చుని నా చేతిలో బ్లేడు తీసేసుకుంది. 

"విప్పొద్దు అమ్మమ్మా. అలాగే కావాలంట."

"అదేంటి?"

"ఆ రోజు ఎవరో తీసిన ఫోటో అందరూ చూశారు. బాగుందన్నారంట. వేరే సెక్షన్ వాళ్ళు పదకొండు మంది అడుగుతున్నారు. లోపల అంకెలు కూడా కావాలంట."

నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వాం. నవ్వి నవ్వి, మా పిల్ల ఏడ్చింది. "నీకు కోపం రాలేదా?" అంది.

"వచ్చింది."

"మరి అక్కడ తిట్టలేదేం?"

అప్పుడు చెప్పా దానికి. మీ తాతయ్య పోయిన రోజు, ఆడవాళ్ళు ఇంకా లోపలికి రాకముందే నా గాజులు నేనే తీసుకున్నా. నాకు ఎవరూ చెప్పలా. చెబుతారేమో, చూస్తారేమో అని ముందే తీసేశా. బీరువాలో చిలకాకుపచ్చ చీరుంది, ఆయన తెచ్చింది. నాకు ప్రాణం అది. ఆరేళ్ళుగా ఈ బూడిదరంగు చీరలే కడుతున్నా, వీధిలో నాలాంటి వాళ్ళందరూ ఇవే కడుతున్నారని. నీకు ఆ ఏడుగురంటే భయం, నాకు ఈ వీధంటే భయం. నిన్ను ఏం తిట్టను?

"ఇప్పుడు కట్టుకుంటావా మరి?" అంది.

"లేదు" అన్నా. అబద్ధం ఎందుకు? ఇంకా కట్టలా. 

ఆ తర్వాత చాలాసేపటికి, కింద పడ్డ ఎర్ర దారాలు ఏరుకుంటూ, ఇంకో సంగతి చెప్పింది. కాలేజీలో తెలుగు మేడం, ఇంట్లో పెద్దవాళ్ళ చేత ఒక జ్ఞాపకం చెప్పించుకుని రాసి తెచ్చి, క్లాసులో నిలబడి పైకి చదవమన్నారంట. ఆ ఏడుగురూ అదే క్లాసు. "నువ్వు చెప్పు, నేను రాస్తా" అంది. ఏం చెప్పాలో చెప్పలా. నేను ఇది చెప్పా. ఇది కాక ఇంకేదైనా చెబుతానేమో అని చూసింది, గంట ప్యాంట్ల దగ్గరే ఆపేస్తానేమో అని. ఆపలా.

అయిందే. ఇంక చెప్పేదేం లేదు. కలం కింద పెట్టు.

నాకు చదువు రాదని నీకు తెలుసు. నువ్వు ఆ కాయితం మీద అమ్మమ్మ అని రాశావో, తెలిసినావిడ అని రాశావో నాకు తెలియదు. చూడకుండా బాగుందనడం ఒకసారి చేశా, ఆయన దగ్గర. మళ్ళీ చెయ్యను. సోమవారం క్లాసులో ఎలా నిలబడి చదువుతావో అలా నిలబడు. గుమ్మం వైపు తిరుగు, వీధిలో వాళ్ళకి వినపడితే వినపడనీ. ఏదీ, మొదటి నుంచి చదువు.