కనిపించినంతే చెప్పిన డాక్టరమ్మ

మొన్న కడుపునొప్పని ఏలూరులో స్కానింగుకి వెళ్ళాను. పొట్ట మీద చల్లటి జెల్ పడగానే ఒళ్ళంతా బిగుసుకుపోయింది. "నొప్పిగా ఉందాండీ?" అని కంగారుపడింది అక్కడి అమ్మాయి. నొప్పి కాదు. ఆ చల్లదనం తగిలితే చాలు, ఇప్పటికీ నా చెవులు ఒక గొంతు కోసం ఎదురుచూస్తాయి. ఆ గొంతు డాక్టర్ సుశీలగారిది. ఏలూరులో పురుళ్ళు పోసేవారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మాది మండవల్లి దగ్గర పల్లె. మావారు చేపల చెరువుల పని చూసేవారు. నాకు మొదటి కడుపు. నెలలు నిండబోతుండగా పొట్ట మరీ పెద్దగా ఉందని సుశీలగారి దగ్గరకు తీసుకెళ్ళారు. అంతవరకు నాకు స్కానింగే చేయించలేదు. ఆవిడ తెరను చాలాసేపు చూసి, మెషీన్ ఆపి, స్టూలు నా పక్కకు లాక్కుని కూర్చున్నారు. "బిడ్డ కాళ్ళూ చేతుల ఎముకలు ఎదగలేదమ్మా. ఛాతీ బాగా ఇరుకుగా ఉంది. పుట్టాక ఊపిరి అందడం కష్టం," అన్నారు. అలాంటి మాట మెత్తగా చెప్పే దారి లేదు. ఆవిడ మెత్తగా చెప్పడానికి ప్రయత్నించలేదు కూడా. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

పాప పొద్దున పుట్టి సాయంత్రానికి పోయింది. మావాళ్ళు తీసుకెళ్ళడానికి సిద్ధమవుతుంటే ఆవిడ వచ్చి, పాపకు ఎక్స్‌రే తీయనివ్వమని అడిగారు. "ఇంకా ఆ పసిగుడ్డును ఏం హింస పెడతారండీ!" అని అత్తయ్యగారు ఏడ్చారు. సుశీలగారు ఆవిడ మీద విసుక్కోలేదు. "ఈ జబ్బేమిటో తెలియకపోతే రేపు ఇంకో బిడ్డ కడుపున పడినప్పుడు ఏం చూడాలో నాకూ తెలియదండీ," అన్నారు. పక్క గదిలో మంచం మీదున్న నేను, "తీయండి" అన్నాను. అత్తవారి ఎదుట నేను గొంతెత్తిన మొదటి మాట అదేననుకుంటాను.

ఆ ఫిల్మును సుశీలగారు హైదరాబాదులో పెద్ద డాక్టరుకు చూపించారు. తర్వాత నన్నూ మావారినీ పిలిచి కూర్చోబెట్టారు. గ్రహణంలో తిరిగాననీ, చెరువుల మందు గాలి తగిలిందనీ ఊళ్ళో ఎవరికి తోచింది వాళ్ళు అంటున్నారు. "మీరు తిన్నదీ కాదు, చేసిందీ కాదు. మీ ఇద్దరి నుంచీ కలిసి వచ్చింది. మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు. ఈసారి నెల తప్పగానే రండి," అన్నారావిడ. మావారు బయటికొచ్చి ఆసుపత్రి గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డారు. నా మీద పడిన నింద తొలగిపోయింది గానీ, దాని చోట భయం వచ్చి కూర్చుంది.

రెండోసారి కడుపుతో ఉన్నానని తెలిసినప్పుడు ఎవరికీ సంతోషం కలగలేదు. అన్నం సయించేది కాదు. ఎవరైనా నా పొట్టకేసి చూస్తే కొంగు సర్దుకునేదాన్ని. మూడో నెల దాటాక సుశీలగారు స్కాన్ చేశారు. ఆవిడ కనుబొమలు ముడిపడుతున్నాయా, విడిపోతున్నాయా అని చూస్తూ పడుకున్నాను. చివరికి, "తొడ ఎముక, చేతి ఎముకలు, ఛాతీ ఈ నెలకు ఉండాల్సినట్టే ఉన్నాయి. నాకు కనిపించింది ఇంతవరకే," అన్నారు.

"అంతా బాగుందని ఒక్క మాట అనండమ్మా," అని అత్తయ్యగారు బతిమాలారు.

"అనాలనే ఉందండీ. కానీ కొన్ని తేడాలు ముందుకెళ్తేగాని తెలియవు. రేపు వేరేలా కనిపిస్తే ఈ అమ్మాయి నా మాట ఇంకెప్పుడూ నమ్మదు."

నేను ఏడ్చేశాను. "భయపడొద్దనైనా చెప్పండి డాక్టరుగారూ."

"భయపడమ్మా. నాకూ భయంగానే ఉంది. ఒక్కదానివే కూర్చుని మాత్రం భయపడకు. భయం పట్టలేకపోతే బస్సెక్కి వచ్చెయ్యి."

నిజంగానే వెళ్ళేదాన్ని. ప్రతిసారీ స్కాన్ చేసేవారు కాదు. తన గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి, మధ్యమధ్య తలుపు తీసి ఒకసారి చూసి వెళ్ళేవారు. అది చాలేది. ఐదో నెలలో మళ్ళీ అన్ని ఎముకలూ కొలిచారు. ఛాతీ దగ్గర ఎంతసేపు ఆగిపోయారో! ఉన్నట్టుండి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఆ జబ్బు ఈ బిడ్డకు లేదమ్మా," అన్నారు. అప్పుడు చూశాను, ఆవిడ జాకెట్టు చెమటతో తడిసిపోయి ఉంది, ఏసీ గదిలో.

ఆ బిడ్డ ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదువుతోంది. తనకు ముందు ఒక అక్క పుట్టిందని ఈమధ్యే, సెలవులకు ఇంటికొచ్చినప్పుడు చెప్పాను. ఎముకల సంగతి, ఎక్స్‌రే సంగతి, ఏదీ దాచలేదు. అంతా విని, ఫోను పక్కన పెట్టి, "మరి నా పిల్లలకూ వస్తుందా అమ్మా?" అని అడిగింది. ఛ, అవేం మాటలే, నీకేం కాదు అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఏ తల్లికైనా వస్తుంది. ఆ మాట మింగి, దాని పక్కకు జరిగి కూర్చున్నాను.

"నాకు తెలియదమ్మా," అన్నాను. "తెలిసినవాళ్ళ దగ్గరకు వెళ్ళి అడుగుదాం. నేనూ వస్తాను."