జుబేదా ఆపా కత్తిరించిన ముసుగు

నిన్న సాయంత్రం కూరగాయల బజారులో, గుండుకు చందనం పూసుకున్న ఒకమ్మాయి నా పక్కనుంచే నడిచి వెళ్ళింది. తిరుపతిలో ఇది రోజూ చూసేదే, ఎవరూ తల తిప్పరు. అయినా ఆ తడి చందనం వాసనకు నేను టమాటాల ముందు అట్లాగే నిలబడిపోయాను. జుబేదా ఆపా గుర్తొచ్చింది.

మేమంతా ఆపా, అంటే అక్కా, అని పిలిచే ఆమెను మీరు చూసి ఉండరు. ఆమె గీసిన బట్టలను మాత్రం, ఆమె పేరు లేకుండా, పత్రికల్లో చూసే ఉంటారు. ఆమె చిత్తూరులో ఒక దర్జీ కూతురు. బొంబాయి వెళ్ళి, సినిమా తారలకూ కోటీశ్వరుల పెళ్ళిళ్ళకూ దుస్తులు తయారుచేసే ఒక పెద్ద డిజైనర్ దగ్గర సగం జీవితం పనిచేసింది. "గీసేది నేను, చప్పట్లకు దండం పెట్టేది ఆయన" అని నవ్వేది. చివరికి అది చాలనుకుని తిరుపతి వచ్చి సొంత పేరుతో స్టూడియో పెట్టింది. ధర వినగానే కొందరు లేచిపోయేవాళ్ళు. "పోనీలే, మళ్ళీ వస్తారు" అనేది. చాలామంది వచ్చేవాళ్ళు కూడా. ఒకసారి గీసిన డిజైన్‌ను ఎవరు చెప్పినా మార్చేది కాదు. అది ఆమె గర్వం.

నేను ఇంటర్‌తో ఆపేసి ఆమె దగ్గర పనికి చేరాను. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. దుస్తుల చరిత్ర మీద అక్కడ దొరికిన ప్రతి పుస్తకమూ చదివాను. చదివింది చెప్పకుండా ఉండలేకపోయేదాన్ని. అందుకే ఆపా నన్ను పేరుతో పిలిచేది కాదు, "లైబ్రరీ" అనేది.

ఒక వేసవిలో బంగారుపాళ్యం నుంచి మామిడితోటలున్న కుటుంబం వాళ్ళు, తల్లీ కూతురూ వచ్చారు. కూతురు హారిక చున్నీ తీస్తే గుండు. తండ్రి గుండె ఆపరేషన్ అప్పుడు మొక్కుకుందట. ఆయన ఇల్లు చేరిన మర్నాడే ఎవరికీ చెప్పకుండా కొండెక్కి తలనీలాలు ఇచ్చి వచ్చింది. అప్పటికే పెళ్ళికి ముహూర్తం పెట్టి ఉంది.

"పెండ్లయినాక ఇచ్చుంటే దేవుడు వద్దంటాడా మేడమ్?" తల్లి కళ్ళు తుడుచుకుంది. "ముహూర్తానికైతే ఇంట్లోవాళ్ళమే ఉంటాం. రిసెప్షన్‌కు ఊరంతా వస్తాది. విగ్గు తెచ్చినాం. అది గూడా తెలీకుండా ఏమన్నా చెయ్యండి."

నేను ఊరుకోలేకపోయాను. "ఈజిప్టు రాణులు కూడా గుండు చేయించుకునేవాళ్ళంట ఆపా."

"మళ్ళ ఏం జేసినారు?"

"విగ్గు పెట్టుకున్నారు."

"శభాష్ లైబ్రరీ. పోయి టేపు తీసుకరా."

హారిక ఒక్కసారి నవ్వింది. తరువాత మాటలన్నీ ఆపాకూ తల్లికీ మధ్యే జరిగాయి.

ఆపా లెహంగా మీదికి ఒక ముసుగు గీసింది. నుదుటి నుంచి మడమల దాకా జారే సన్నని నెట్, దాని నిండా బంగారు దారపు తీగలు. వారాల తరబడి ఆమే దగ్గరుండి కుట్టించింది, సగం తనే కుట్టింది. అంత అందమైన పని నేనెన్నడూ చూడలేదు.

ట్రయల్‌కు వచ్చిన రోజు తల్లి మురిసిపోయింది. "ఎంత బాగుండాదో! ఏమీ తెలీడంలేదు."

హారిక అద్దం ముందు కదలకుండా నిలబడింది.

"ఏమ్మా, బరువుగా ఉండాదా?" అంది ఆపా.

"లేదాంటీ. బాగుండాది. ఎవురో పెండ్లికూతురి మాదిరి ఉండాది." అద్దంలోనే తల్లిని చూస్తూ, "మా నాయన గూడా నన్ను ఇట్లనే సూడాల్నా?" అంది.

"ఏందే ఆ మాటలు?" అంది తల్లి. "అందురి నోళ్ళు మూయించను నా వల్ల అవుతాదా?"

"నాయన కోసరం ఇచ్చినా గదమ్మా. తప్పు జేసినట్ల కప్పుకోమంటే ఎట్ల?"

ఆపా వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. "మీ అమ్మను అడిగినా, విగ్గు కొలత గూడా తీసుకున్నా. నిన్ను ఒక్క మాట అడగలేదు గదా బేటీ. చెప్పు, నీకేం కావాల?" అంది.

హారిక ముసుగూ విగ్గూ తీసి, అప్పుడప్పుడే మొలుస్తున్న వెంట్రుకల మీద చెయ్యి పెట్టుకుంది. "ఇట్లనే. కానీ భయంగా ఉండాది."

ఆపా కత్తెర తీసుకుని ముసుగును భుజాల ఎత్తులో అడ్డంగా కత్తిరించింది. నేను అరిచినంత పని చేశాను. "ఆపా, అంత పని!"

"తెలుసులే లైబ్రరీ. నేనే గదా కుట్టింది."

పై ముక్కలోని తీగలను మెడ చుట్టూ నిలిచే కాలర్‌గా కుట్టింది. కింది ముక్కను భుజాల నుంచి వదిలింది. కప్పే జడ లేదు కాబట్టి మెడ మీది పనంతా కనబడింది.

రిసెప్షన్ చిత్తూరులో. ఆపా, నేనూ వెళ్ళాం. తల్లి విగ్గును సంచిలో పెట్టుకుని ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. హారిక వేదిక ఎక్కగానే హాల్లో తలలన్నీ అటే తిరిగాయి. "అయ్యో, ఏంది ఆ బిడ్డ..." అని వెనక ఎవరో అన్నారు. హారిక ఆగిపోయింది. ఎవరి మాటా లెక్కచేయని ఆపా నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. అంతలో తండ్రి ముందు వరుసలోంచి లేచాడు. ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కి, కూతురి తల మీద అరచెయ్యి పెట్టి, అట్లాగే ఉంచాడు. ఆమె తల దించుకోలేదు. కాసేపటికి తల్లి సంచిని కుర్చీ కిందికి నెట్టి, తనూ వేదిక ఎక్కింది.

ఆపా చనిపోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు వడమాలపేటలో నాదొక చిన్న కొట్టు ఉంది. ఆపా చేతి పని నాకు రాలేదు, ఎన్ని పుస్తకాలు చదివినా రాదు. పెళ్ళికూతురితో తల్లీ మేనత్తలూ వస్తారు, అందరూ మాట్లాడతారు. వాళ్ళను కాఫీకి పంపి, తలుపు దగ్గరికి వేసి, ఆ పిల్లను అడుగుతాను. కొందరు ముసుగే కావాలంటారు. అయితే ముసుగే కుడతాను. మొన్న ఒకమ్మాయి ఎంతకీ నోరు విప్పలేదు. టేపు మెడలో వేసుకుని ఎదురుగా కూర్చున్నాను, ఆమె చెప్పేదాకా.