ఏంజెల్ చేపలకు నేను కుదిర్చిన సహవాసం

నేను ముప్పై ఏళ్లు మత్స్యశాఖలో ఉద్యోగం చేశాను. ఈ మాట విన్నవాళ్లు నాకు చేపల గురించి తెలుసనుకుంటారు. నాది ఆఫీసులో కాగితాల సీటు. ఎవరికి ఇంక్రిమెంటు ఎప్పుడు పడాలి, ఎవరికి ఎన్ని రోజుల సెలవు మిగిలింది, ఎవరి సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ తప్పు పడింది, ఇవి నాకు తెలుసు. చేపల చెరువు గట్టు ఎక్కింది రెండే రెండుసార్లు. రెండుసార్లూ తనిఖీకి వచ్చిన పై అధికారులకు టిఫిన్ పొట్లాలు పట్టుకుని వెళ్లాను. పైగా మా ఇంట్లో నీచు వండరు. బజారులో చేపలమ్మే వీధి వస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గబగబా నడిచే మనిషిని.

అయినా ఎవరైనా "మీరు ఫిషరీస్ అండీ?" అని గౌరవంగా అడిగితే, "అవునండి" అని అంతకంటే గౌరవంగా చెప్పుకునేదాన్ని. సీటు పేరు మాత్రం చెప్పేదాన్ని కాదు.

రిటైరయ్యాక కాకినాడలో అద్దె ఇల్లు ఖాళీ చేసి కొండాపూర్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. మావారు పోయి అప్పటికి నాలుగేళ్లయింది. అమ్మాయీ అల్లుడూ ఇద్దరివీ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. అల్లుడిది చేవెళ్ల వైపు పల్లె. తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు. వంటకు మనిషి ఉంది, బట్టలకు మెషిన్ ఉంది, నాకు పనేమీ లేదు. ఎవరికీ అడ్డు రాకూడదని నా గదిలోనే కూర్చునేదాన్ని. భోజనానికి పిలిస్తే వచ్చి, తిని, మళ్లీ వెళ్లిపోయేదాన్ని. అది నా మర్యాద అని నా ఉద్దేశం. చూసేవాళ్లకు అలకలా కనిపిస్తుందని తట్టలేదు.

మూడు నెలలు అలా గడిచాక ఒక ఆదివారం అల్లుడు అక్వేరియం తెచ్చాడు. మూడడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు. హాల్లో చెప్పుల స్టాండు పక్కన పెట్టాడు. ఇసుక పోసి, మొక్కలు నాటి, మూడు వారాలపాటు ఉత్త నీళ్లే తిప్పుతూ కూర్చున్నాడు. చేపలు వేయడం మరిచిపోయాడేమో, చెబితే చిన్నబుచ్చుకుంటాడేమో అనుకున్నాను. అలా చేయకపోతే చేపలు బతకవని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది.

నాలుగో ఆదివారం నాలుగు ఏంజెల్ చేపలు వచ్చాయి. తమలపాకును నిలబెట్టినట్టు పల్చగా ఉన్నాయి. పైకీ కిందికీ పొడుగాటి రెక్కలు, వెండి ఒంటి మీద నల్లటి నిలువు చారలు. అప్పటికింకా పిల్లలు, ఒక్కొక్కటి రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది.

"అత్తమ్మా, జర ఇటు రాండ్రి" అని అల్లుడు నా గది గుమ్మం దగ్గరికి వచ్చి పిలిచాడు. "మీరు ఫిషరీస్ల చేసిన్రు గదా. వీటితోని ఇంక ఏం చేపలు వేస్తే మంచిగుంటది?"

నాది కాగితాల సీటు బాబూ, అని ఒక్క ముక్క అంటే అక్కడితో అయిపోయేది. కానీ ఆ ఇంటికి వచ్చాక "తిన్నారా" అన్నది తప్ప నన్నెవరూ ఏమీ అడగలేదు. తనిఖీకి వచ్చిన అధికారులు చెరువును ఎలా చూసేవారో గుర్తు తెచ్చుకున్నాను. చేతులు వెనక్కి కట్టుకుని ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా చూసేవారు. నేనూ అలాగే చూశాను.

"చిన్నవి వేయండి బాబూ" అన్నాను. "పెద్దవాటి మధ్య చిన్నవి తిరుగుతుంటే తొట్టి నిండుగా ఉంటుంది. పెద్దవి కూడా నెమ్మదిగా ఉంటాయి."

ఈ సూత్రం నాకు ఎక్కడ దొరికిందో ఇప్పటికీ తెలియదు. బహుశా పెళ్లిళ్లలో తీసే గ్రూపు ఫొటోల నుంచి అయ్యుంటుంది.

అల్లుడు కాసేపు ఆలోచించాడు. "చిన్నవంటే నియాన్ టెట్రాలా అత్తమ్మా? గవి మరీ..." అని ఆగాడు.

"అవే" అన్నాను. ఆ పేరు వినడం అదే మొదలు.

మర్నాడు సాయంత్రం పది నియాన్ టెట్రాలు వచ్చాయి. అగ్గిపుల్లంత చేపలు. ఒంటి మీద మెరిసే నీలం గీత, తోక వైపు ఎరుపు. నిజం చెప్పొద్దూ, రెండు నెలలు చాలా బాగుంది. నా కుర్చీ గదిలోంచి హాల్లోకి వచ్చింది. మేత వేసే పని నాదయింది. సాయంత్రాలు కింద పార్కు బెంచీ మీద ఆడవాళ్లకు మా తొట్టి గురించి చెప్పేదాన్ని. ఒకావిడ వాళ్ల ఫైటర్ చేపకు ఏ తోడు పెట్టాలని అడిగితే ఆవిడకూ ఒక సలహా ఇచ్చాను. ఆ చేప ఏమైందో తెలియదు. ఆవిడ మాత్రం ఆ తర్వాత అవతలి బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టింది.

ఈలోగా ఏంజెల్స్ పెరిగాయి, దాదాపు నా అరచేతంత. ఒకరోజు మా అమ్మాయి తొట్టిలోకి వంగి చూసి, "అమ్మా, నియాన్లు ఎనిమిదే కనిపిస్తున్నాయేంటి?" అంది.

"మొక్కల వెనకాల ఉంటాయిలేవే."

పై వారానికి ఆరయ్యాయి. ఒక పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని తొట్టి ముందు కూర్చున్నాను. నాలుగింటిలో పెద్ద ఏంజెల్ తీరిగ్గా ఒక నియాన్ వెనక్కి వచ్చింది. తొందరేమీ లేదు. నోరు తెరిచింది, మూసింది. బయట ఎర్రటి తోక ఒక్కటే రెండుసార్లు ఆడి లోపలికి పోయింది.

కాఫీ కింద పెట్టేశాను. పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టని నేను, రెండు నెలలుగా ఆ ఇంట్లో చేపలకు చేపలు వడ్డిస్తున్నాను.

ఆఫీసుకు బయల్దేరుతున్న అల్లుడు నా మొహం చూసి, "ఏమైంది అత్తమ్మా?" అన్నాడు.

"ఏం లేదు బాబూ. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ తగ్గినట్టుంది."

కరిగిన ఆక్సిజన్ అన్న మాట ఫైళ్లలో వందసార్లు టైపు చేశాను. అది ఎలా కరుగుతుందో, ఎందుకు కరుగుతుందో నాకు తెలియదు. అల్లుడు తొట్టిని చూశాడు, నన్ను చూశాడు. "ఔనా అత్తమ్మా" అని వెళ్లిపోయి, సాయంత్రం ఇంకో గాలి పంపు తెచ్చి పెట్టాడు. బుడగలు రెట్టింపయ్యాయి. ఆ బుడగల మధ్యే మిగతా నియాన్లు కూడా ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి.

తొట్టి వెలితిగా ఉందని అల్లుడు మళ్లీ అడిగాడు. అప్పుడైనా ఒప్పుకోవచ్చు. కానీ ఒకసారి తప్పు చేసినదాన్ని కాబట్టి నాకిప్పుడు అనుభవం వచ్చిందనుకున్నాను. చిన్నవీ మెత్తనివీ పనికిరావు, ఎదురు నిలబడేవి కావాలి. అతని ఫోనులో బొమ్మలు చూసి ఒకదాని మీద వేలు పెట్టాను. నారింజ రంగు ఒళ్లు, నల్లటి చారలు. ఏంజెల్స్ చారలకు మ్యాచింగ్ జాకెట్టులా ఉంటుందని నాకు నచ్చింది.

"టైగర్ బార్బులా? ఇవి జర హుషారుగ ఉంటయంట అత్తమ్మా" అన్నాడు మెల్లగా.

"ఉండాలి బాబూ. నెమ్మదిగా ఉండేవాటిని వేసి చూశాంగా."

ఆరు టైగర్ బార్బులు వచ్చాయి. రెండు రోజులు తొట్టంతా కలియదిరిగాయి. మూడో రోజు నుంచి ఏంజెల్స్ వెనకాల చేరి, వేలాడే ఆ పొడుగు రెక్కలను కొరికి పారిపోవడం మొదలుపెట్టాయి. ఏంజెల్ వెనక్కి తిరిగేలోపు ఇంకొకటి ఇంకో వైపు కొరికేది. వారం తిరిగేసరికి రెక్కలన్నీ చివికిన చీర అంచుల్లా పీచులు పీచులుగా వేలాడుతున్నాయి. నాలుగూ ఒక మూల నిలబడి మేతకు కూడా రావడం మానేశాయి.

"అమ్మా, నిజం చెప్పు. నీకు వీటి గురించి ఏమైనా తెలుసా?" అంది మా అమ్మాయి.

"ముప్పై ఏళ్ల సర్వీసే" అన్నాను. అది వెళ్లిపోయింది. నా గొంతు నాకే బాగోలేదు.

మర్నాడు వాళ్లిద్దరూ ఆఫీసులకు వెళ్లాక హైటెక్ సిటీ స్టేషన్‌లో లోకల్ ట్రైను ఎక్కి బోరబండలో దిగాను. ఒక్క స్టేషనే. అల్లుడు చేపలు కొనే దుకాణం అక్కడే అని ఎప్పుడో అన్నాడు. అడుగుతూ వెళితే దొరికింది. ఒక ఇంటి ముందు గది, నిండా ఇనుప చట్రాల మీద అద్దాల తొట్లు. నా వయసే ఉన్న ఒకావిడ చెయ్యి మోచేతి దాకా నీళ్లలో ముంచి ఒక తొట్టి కడుగుతోంది.

"నమస్కారమండి. ఏంజెల్ చేపలతో ఏం వేయొచ్చో కనుక్కుందామని వచ్చాను" అన్నాను. "మా ఇంట్లో నాలుగున్నాయి. ముందు నియాన్లు వేశాం, పోయాయి. ఇప్పుడు టైగర్ బార్బులు వేశాం."

ఆవిడ చెయ్యి బయటికి తీసి నన్ను చూసింది. "ఏందమ్మా గిట్ల చేసిన్రు? మీ లెక్కనే కొండాపూర్ సారు ఒకాయన చేసిండు. పొడుగ్గుంటడు, కండ్లద్దాలు, మెడల ఆఫీసు కార్డు. నియాన్లు వద్దు సారూ, పెద్దగైతే ఏంజెల్ మింగుతది అని మూడుసార్లు చెప్పిన. నాకు ఎరికే అన్నడు. ఎరికైతే ఎందుకు సారూ అంటే, మా అత్తమ్మ చెప్పింది, ఆమె ఫిషరీస్ల చేసింది, ఆమె చెప్పినయే వేద్దాం అన్నడు. మల్ల బార్బులకు వచ్చిండు. మల్ల అత్తమ్మనే."

నేను పక్క తొట్టి వైపు తిరిగి చేపలు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాను.

"ఆ అత్తమ్మ ఎవరో గాని, జర పరేషాన్ చేసే మనిషే ఉన్నట్టుంది" అంది ఆవిడ.

"ఎవరోనండి" అన్నాను.

ఆ తర్వాత ఆవిడ నాకు అసలు సంగతి చెప్పింది. నా ముప్పై ఏళ్ల సర్వీసు కంటే అది చిన్నది. "నోట్ల పట్టేది వద్దు, రెక్క కొరికేది వద్దు. ఏంజెల్ నడుమల తిరుగుతది. అడుగున తిరిగేదాన్ని వెయ్యి, దాని జోలికి ఇది పోదు, దీని జోలికి అది రాదు." కింది వరస తొట్టిలో ఇసుకను మీసాలతో తడుముకుంటూ తిరుగుతున్న బొద్దు చేపలను చూపించింది. కోరీలట. ఒకటి రెండు కాదు, గుంపుగానే ఉండాలంది. బార్బులను పట్టి తెస్తే తానే తీసుకుంటానంది.

ఆరు కోరీలున్న నీళ్ల కవరును ఒళ్లో పెట్టుకుని ట్రైనులో వెనక్కి వచ్చాను. పక్కనున్నామె, "ఏం చేపలమ్మా?" అని అడిగింది.

"నాకు తెలియదండి, దుకాణంలో ఆవిడ ఇచ్చింది" అన్నాను. చేపల విషయంలో నేను నిజం చెప్పడం అదే మొదటిసారి.

సాయంత్రం అల్లుడు వచ్చేసరికి, కొత్త నీళ్లకు అలవాటు పడాలని దుకాణం ఆవిడ చెప్పినట్టు, కవరు తొట్టి నీళ్లలో తేలుతోంది. టీ ఇచ్చి, నిలబడే చెప్పేశాను. "బాబూ, నాది ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు, కాగితాల పని. నాకు చేపల గురించి ఏమీ తెలియదు. ఆక్సిజన్ గురించి కూడా తెలియదు."

అతను టీ కప్పు వైపే చూస్తూ, "నాకు ఎరికే అత్తమ్మా. పెండ్లికి ముందే మీ బిడ్డ చెప్పింది" అన్నాడు.

"మరి నన్నెందుకు అడిగారు?"

కప్పు కింద పెట్టాడు. "మీరు వచ్చినప్పటి నుంచి రూంల నుంచి బయటికే రాకపోతిరి. ఏదన్న ఒకటి అడిగితే వచ్చి కూసుంటరని అడిగిన. మీరు అంత గట్టిగ చెప్తరనుకోలే."

అంటే పది ప్రాణాలు నన్ను హాల్లో కూర్చోబెట్టడానికి ఖర్చయ్యాయి. నేను గదిలోంచి బయటికి రావడానికి ఒక మంచి సీరియల్ చాలేది. ఆ మాటే అన్నాను. అతను నవ్వాడు, నాకూ నవ్వొచ్చింది. తర్వాత నా గదిలోకి వెళ్లి కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని మళ్లీ వచ్చి కూర్చున్నాను.

శనివారం ముగ్గురం కలిసి బార్బులను పట్టాం. గంట పట్టింది. వల అమ్మాయి పట్టుకుంది, మొక్కలు అల్లుడు పక్కకు తీశాడు, అరవడం నేను చేశాను. అల్లుడి వెంట నేనూ బోరబండ వెళ్లాను. దుకాణం ఆవిడ అతన్ని చూసింది, పక్కన నన్ను చూసింది. నేనే ముందుగా, "ఆ అత్తమ్మను నేనేనండి" అన్నాను.  ఆవిడ బార్బులను ఒక ఖాళీ తొట్టిలో వదిలి, చేతులు తుడుచుకుని, నాకొక స్టూలు వేసింది.

ఏంజెల్స్ రెక్కలు నెమ్మదిగా మళ్లీ పెరిగాయి. ఒకదానికి మాత్రం వంకరగా వచ్చింది. కోరీలు అడుగున వాటి పని అవి చూసుకుంటున్నాయి. ఇక ఫరవాలేదనుకుంటున్న రోజుల్లో ఏంజెల్స్‌లో రెండు జత కట్టి, ఫిల్టరు గొట్టం మీద వరసగా గుడ్లు పెట్టాయి. మిగతా రెండింటినీ దగ్గరికి రానివ్వలేదు. ముగ్గురం కుర్చీలు వేసుకుని రెండు రోజులు కాపలా కాశాం. మూడో రోజు పొద్దున చూస్తే గొట్టం నున్నగా ఉంది. తల్లీతండ్రీ కలిసి గుడ్లన్నీ తినేశాయి.

అమ్మాయీ అల్లుడూ ఇద్దరూ నా వైపు తిరిగారు.

"నేనేం చెప్పలేదు" అన్నాను.